ప్రవచనం విని ఉద్యోగం మానేయాలా? సేవకు పిలుపు గురించి ఒక పాత పాస్టరు సమాధానం

బాబూ, వందనాలు.

మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు ముప్పై రెండు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి లోను, మూడేళ్ల పాప. ఉజ్జీవ కూటాలకు బయటి ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు మీ తల మీద చెయ్యి పెట్టి, దేవుడు నిన్ను ఫుల్‌టైమ్ సేవకు పిలుస్తున్నాడు, ఈ సంవత్సరం లోపల లోబడకపోతే నష్టపోతావు అన్నారు. మీరు కడుపులో ఉండగానే సేవకు మొక్కుకున్నానని మీ అమ్మగారు ఏడుస్తున్నారు. మీ ఆవిడ మాత్రం, నాకైతే దేవుడు ఏమీ చెప్పలేదు అంటున్నారు. దేవుడి పిలుపు నుంచి పారిపోయిన యోనాలా అయిపోతానేమోనని టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని రాశారు.

నేను చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.) సంఘాల్లో ముప్పై ఆరేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎక్కువ కాలం పల్లెటూళ్లలోనే. చివరి కొన్నేళ్లు, సేవకు వస్తామని దరఖాస్తు పెట్టుకునే కుర్రాళ్లను ఇంటర్వ్యూ చేసే కమిటీలో కూర్చున్నాను. ఆ అనుభవంతో ముందు ఒక్క మాట చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. ఇప్పుడే రిజైన్ చేయకండి. మీకు పిలుపు లేదని నేను అనడం లేదు. ఉండొచ్చు. కానీ ఆ గడువు మాత్రం దేవుడు పెట్టింది కాదని నా నమ్మకం.

ముందు ఆ యోనా భయం సంగతి చూద్దాం. యోనాకు అసలు అనుమానమే లేదు. ఏ ఊరు వెళ్లాలో తెలుసు, అక్కడ ఏం చెప్పాలో తెలుసు. తెలుసు కాబట్టే యొప్పేలో ఓడ ఎక్కి తర్షీషు దారి పట్టాడు. మీకు ఊరూ తెలియదు, పనీ తెలియదు. ప్రభువా, పిలిచింది నువ్వేనా అని అడుగుతున్నవాణ్ణి యోనాతో పోల్చడం అన్యాయం. పైగా మింగిన చేప కక్కేసిన తర్వాత యోనాకు వాక్కు రెండోసారి వచ్చిందని మూడో అధ్యాయం మొదటి వచనంలోనే ఉంది. మన కూటాల్లో చేప దగ్గరే ఆపేస్తారు, అదే చిక్కు.

మీకు దగ్గరగా ఉన్నది సమూయేలు కథ. దాదాపు మీ ఇంటి కథే. హన్నా మొక్కుకుంది. పాలు మాన్పించి, పిల్లవాణ్ణి షిలోహు మందిరంలో అప్పగించింది. ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది. ఇంత చేసినా, తల్లి మొక్కు వల్ల సమూయేలు ప్రవక్త కాలేదు. మందిరంలోనే పడుకుంటున్న ఆ పిల్లవాడు అప్పటికి యెహోవాను ఎరగడని వాక్యం స్పష్టంగా చెబుతోంది. దేవుడు అతణ్ణి వేరుగా, పేరు పెట్టి పిలవాల్సి వచ్చింది. మీ అమ్మగారి మొక్కును నేను తక్కువ చేయను. అది ఆవిడ ప్రార్థన. ఆ ప్రార్థనకు జవాబు ఎలా ఇవ్వాలో దేవుడికి వదిలేయమని మెల్లగా చెప్పండి. అంతేగాని ఆవిడ కన్నీళ్లు చూసి ఉద్యోగం మానేస్తే, అమ్మకు లోబడినట్టవుతుందేమో గాని పిలుపుకు లోబడినట్టు కాదు.

ఆ కథలో నాకు ఇంకా ఇష్టమైన సంగతి ఉంది. సమూయేలు మూడుసార్లు పొరపాటు పడ్డాడు. దేవుడు పిలుస్తుంటే మందిరంలోని యాజకుడు ఏలీ దగ్గరికి పరిగెత్తాడు. అందుకు దేవుడు కోప్పడలేదు. నాలుగోసారి వచ్చి, నిలబడి, పేరు రెండుసార్లు పలికాడు. గడువులు పెట్టి తొందరపెట్టడం మార్చి నెలలో ఇన్సూరెన్స్ ఏజెంట్లు చేసే పని.

పైగా ఆ పిలుపును గుర్తుపట్టింది ఎవరు? కళ్లు కనపడని, కొడుకుల్ని అదుపులో పెట్టుకోలేని ముసలి ఏలీ. అతనిలో లోపాలు చాలా ఉన్నాయి. అయినా కుర్రవాడికి వినిపిస్తున్నది ఎవరి స్వరమో అతనే తెలుసుకున్నాడు. మా సంఘ పెద్దలు ఆత్మీయులు కారండీ, నాకు దేవుడే డైరెక్టుగా చెప్పాడండీ అని ఇంటర్వ్యూలో చెప్పిన కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లందరికీ నేను ఏలీనే గుర్తుచేసేవాణ్ణి. అంతియొకయ సంఘంలోనూ జరిగింది అదే. పౌలుకు దమస్కు దారిలోనే పిలుపు వచ్చింది. సంఘం ఉపవాసముండి, ప్రార్థన చేసి, చేతులుంచి బర్నబాతో పాటు పంపింది సుమారు పదేళ్ల తర్వాత. ఈ మధ్య కాలమంతా ఆయన ఖాళీగా లేడు, అరేబియా అనీ తార్సు అనీ తిరుగుతూనే ఉన్నాడు. కానీ పిలుపుకూ పంపకానికీ మధ్య అంత దూరం ఉందని మనం జనానికి చెప్పం.

ఇక నా సంగతి. సాక్ష్యాల్లో నేను ఈ భాగం చెప్పేవాణ్ణి కాదు, సిగ్గుగా ఉండేది. బి.ఎస్సీ. రెండో సంవత్సరం లెక్కల పేపరు తప్పాను. సరిగ్గా ఆ నెలలోనే ఒక కన్వెన్షన్‌లో నాకు పిలుపు వినిపించింది. ఏడ్చాను, ముందుకెళ్లి మోకాళ్లూనాను. ఊళ్లో అందరికీ చెప్పాను. కమిటీ ముందు కూర్చున్నప్పుడు, దర్శనం గురించి అడుగుతారని పది నిమిషాల సాక్ష్యం తయారుచేసుకుని వెళ్లాను. తెల్ల పంచె కట్టుకున్న ఒక పెద్దాయన, వాళ్ల ఊరి హైస్కూలు హెడ్మాస్టరు, నన్ను ఒకటే అడిగారు. "మీ సంఘం సండేస్కూలు పిల్లల్లో పది మంది పేర్లు చెప్పు." మూడు చెప్పగలిగాను. అందులో ఒకడు మా తమ్ముడు.

"ముందు ఆ పేపరు పాసై రా. రేపటి నుంచి మాలపల్లెలో సండేస్కూలు పెట్టు. వచ్చే ఏడు కనపడు" అన్నారాయన. ఆ రాత్రి ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ గుర్తే. దైవ పిలుపును మనుషులు అడ్డుకుంటున్నారని అమ్మ దగ్గర గొణిగాను. అమ్మ అన్నం వడ్డిస్తూ, "పేర్లు తెలుసుకోవడానికి ఏమైందిరా" అంది.

వేరే దారి లేక మొదలుపెట్టాను. ఊరికి నాలుగు కిలోమీటర్లు, సైకిలు మీద. చింతచెట్టు కింద గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాళ్లం. ఏడాది తిరిగేసరికి ఇరవై ముగ్గురు పిల్లలు. ఎవరి నాన్న తాగొచ్చి కొడతాడో, ఎవరు శనివారం రాత్రి తినకుండా పడుకుంటారో, ఎవరికి పాట ఒక్కసారి వింటే వచ్చేస్తుందో అన్నీ తెలుసు. ఆ ఏడాది నాకు ఏ దర్శనమూ రాలేదు. వాన పడి వెళ్లలేని ఆదివారం మాత్రం, ఆ పూటంతా చేతిలోది ఏదో జారిపోయినట్టు ఉండేది. రెండోసారి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు నేను పది నిమిషాల సాక్ష్యం చెప్పలేదు. హెడ్మాస్టరు గారు కూడా పేర్లు అడగలేదు. బహుశా అప్పటికే ఆయన మాలపల్లె వెళ్లి కనుక్కుని ఉంటారు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలి. నొచ్చుకోకండి. ఆఫీసులో ఇప్పుడు ఎలా ఉంది? ప్రాజెక్టు బాగుందా, లేఆఫ్‌ల మాట వినిపిస్తోందా, మేనేజరుతో పడుతోందా? నాకు లెక్కల పేపరు ఎలాగో మీకు అలాంటిదేమైనా ఉందా? ఉన్నంత మాత్రాన పిలుపు అబద్ధం కాదు. నా విషయంలో కాలేదు. కానీ ఒక చోటి నుంచి పారిపోవడమూ, ఒక చోటికి పిలవబడడమూ ఒకేసారి జరిగితే రెండింటినీ విడదీయడానికి సమయం పడుతుంది. ఆ సమయం మీకు మీరు ఇచ్చుకోవాలి.

ఇప్పుడు ప్రవచనం సంగతి. ప్రవచనాన్ని కొట్టిపారేసేవాణ్ణి కాదు నేను. ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి అని థెస్సలొనీకయులకు రాసిన పౌలే, ఆ వెంటనే సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి అన్నాడు. కొరింథు పత్రికలోనూ ఇద్దరు ముగ్గురు ప్రవక్తలు మాట్లాడితే తక్కినవారు వివేచింపవలెను అని ఉంది. మన దగ్గర మాట్లాడేవాళ్లున్నారు, వివేచించేవాళ్లు లేరు. మొదటి రాజుల గ్రంథం పదమూడో అధ్యాయం ఈ రాత్రికి ఒకసారి చదవండి. యూదా నుంచి బేతేలుకు వచ్చిన దైవజనుడికి దేవుడు నేరుగా చెప్పాడు, అక్కడ తినొద్దు, తాగొద్దు, వచ్చిన దారిన తిరిగి వెళ్లొద్దు అని. రాజు పిలిచినా అతను ఒప్పుకోలేదు. ఒక ముసలి ప్రవక్త వచ్చి, నాతో దేవదూత చెప్పాడు, ఇంటికి రా అని అబద్ధమాడేసరికి వెళ్లిపోయాడు. దారిలో సింహం చంపింది. రాజుకు లొంగనివాడు తోటి ప్రవక్తకు లొంగాడు. ఈ కథ మీద ప్రసంగం మీరు ఎన్నిసార్లు విన్నారు?

నాకు తెలిసిన ఒక కుర్రవాడు, పేరూ ఊరూ వద్దు, ఇలాంటి మాట విని రైల్వే ఉద్యోగం వదిలేశాడు. చెప్పిన ప్రసంగీకుడు మళ్లీ ఆ ఊరు రాలేదు. అద్దె షెడ్డులో సంఘం మొదలైంది, సౌండ్ సిస్టమ్ అప్పు మీద కొన్నాడు, ఆదివారానికి పదిహేను మంది వచ్చేవారు. మూడో ఏట షెడ్డు ఖాళీ చేశాడు. భార్య బంగారం ముందే పోయింది. ఇప్పటికీ మంచి విశ్వాసే. కానీ నన్ను అడిగిన ఒక మాటకు జవాబు నా దగ్గర లేదు: "అయ్యగారూ, అప్పుడు తప్పు విన్నది నేనా, చెప్పింది ఆయనా?" ఆ కూటంలో వందమంది ఉన్నారు. కొంచెం ఆగు నాయనా అని ఒక్కరూ అనలేదు. నేనూ ఆ కూటంలో స్టేజీ మీదే ఉన్నాను.

అలాగని బైబిలు ఎక్కడ తెరుచుకుంటే అక్కడ వేలు పెట్టడం, డిసెంబరు 31 రాత్రి తీసిన వాగ్దాన కార్డులో ఏముందో చూసి తేల్చుకోవడం, గిద్యోనులా ఉన్ని పరిచి గుర్తులు అడగడం, ఇవి కూడా వద్దు. వాగ్దాన కార్డు ధైర్యానికి మంచిది. రాజీనామా లేఖకు ఆధారంగా సరిపోదు.

మీ ఆవిడ గురించి మీరు వాడిన మాట నన్ను కాస్త ఇబ్బంది పెట్టింది. "ఒప్పించాలి" అని రాశారు. ఒప్పించడం కాదు, అడగండి. పాస్టరు భార్య అంటే మర్నాటి నుంచి ఆవిడ ఊరందరికీ "అమ్మగారు". జీతం లేని ఉద్యోగం అది. మా మొదటి పార్సనేజిలో, అంటే సంఘం ఇచ్చిన పాస్టరు ఇంట్లో, తెల్లారి అయిదింటికి తలుపు కొట్టేవారు, రాత్రి పదింటికి కొట్టేవారు. ఎప్పుడు ఎవరొస్తారో తెలియక నా భార్య రోజూ రెండు గ్లాసుల బియ్యం ఎక్కువ పొయ్యి మీద పెట్టేది. పిల్లల ఫీజులు తన టీచరు జీతంతోనే కట్టాం. నా సేవ అని నేను చెప్పుకునేదాంట్లో సగం తనది, కానీ వీడ్కోలు సభలో శాలువా నాకే కప్పారు. నాకైతే దేవుడు ఏమీ చెప్పలేదు అని మీ ఆవిడ అన్నారంటే, అది అడ్డు కాదు, సమాచారం. ఆవిడకు వేరే పిలుపు ఉందేమో కూడా కనుక్కోండి. స్త్రీలను ఎవరూ అడగరు. బైబిలు స్త్రీలని పిలిచే సువార్తికురాళ్లు ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పిన ఊళ్లలో పీఠం మీదికి స్త్రీలు రావడానికి తరాలు పట్టింది. సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్, నంద్యాల డయోసీస్‌కు పుష్పలలిత గారు, వచ్చింది 2013లో.

డోర్నకల్ బిషప్ అజరయ్య గారి పేరు వినే ఉంటారు. ఆయన తెలుగువారు కాదు, తిరునెల్వేలి ప్రాంతంలో పల్లెటూరి పాస్టరు కొడుకు, 1874లో పుట్టారు. 1895 నుంచి వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువకుల సంఘంలో సెక్రటరీ. దేశమంతా తిరిగే మంచి ఉద్యోగం అది. 1902లో శ్రీలంకలోని జాఫ్నా వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ఖర్చుతో బయటికి సువార్తికులను పంపడం చూసి ఆయనకు మనసులో గుచ్చుకుంది. మర్నాడే ఉద్యోగం వదిలేశారా? లేదు. 1903లో తన వాళ్లతో కలిసి ఒక మిషనరీ సంఘం పెట్టారు. ఆ సంఘం నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతానికి మనుషుల్ని పంపింది. ఆయన స్వయంగా వై.ఎం.సి.ఎ. వదిలి, గురువుగా అభిషేకం పొంది డోర్నకల్ వచ్చింది 1909లో. అంటే జాఫ్నాకు ఏడేళ్ల తర్వాత. ముప్పై అయిదేళ్ల వయసులో, మీ కన్నా మూడేళ్లు పెద్ద. వచ్చాక తెలుగు నేర్చుకున్నారు. భార్య అన్బు గారు కాలేజీ చదువు చదివిన మనిషి, డోర్నకల్ స్త్రీల మధ్య ఆవిడ పనీ ఆయన పనితో సమానంగా నడిచింది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ను బిషప్‌గా అభిషేకించారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. జనం ఆ తేదీ గుర్తుపెట్టుకుంటారు. నాకు మాత్రం 1902కీ 1909కీ మధ్య ఏడేళ్లే ముఖ్యం.

ఆయన పాటించిన ఒక ఆచారం కూడా మీకు పనికొస్తుంది. బాప్తిస్మం పొందినవారి చేత తమ తల మీద తామే చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ అనే పౌలు మాట చెప్పించేవారు. పాస్టర్ల చేత కాదు, అప్పుడే బాప్తిస్మం తీసుకున్న కూలివాళ్ల చేత, చదువు రాని అమ్మల చేత. ఆ మాట మీరు బాప్తిస్మం రోజు నుంచే మోస్తున్నారు. ఫుల్‌టైమా, పార్ట్‌టైమా అన్నది తర్వాతి ప్రశ్న.

ఉద్యోగం వదిలితేనే లోబడినట్టు అన్న మాట కూడా నేను ఒప్పుకోను. ఒంగోలు క్లౌ దొర మిషనరీ కాకముందు అమెరికాలో భూముల సర్వే చేసిన మనిషి. 1876లో మొదలైన పెద్ద కరువులో బకింగ్‌హాం కాలువ పని కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించగలిగారంటే ఆ పాత చదువు వల్లే. కూడు కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకుండా కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. జనం అడుగుతున్నా ఆపారు. కరువు తీరాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ అంకె అందరికీ కంఠతా వచ్చు. దాని వెనక ఆగిన నెలలు ఎవరూ లెక్కపెట్టరు. పౌలు కూడా కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. గెరాసేనుల దేశంలో దయ్యాలు వదిలినవాడైతే, నీతో వస్తానని యేసును బతిమాలుకున్నాడు. ప్రభువు ఒప్పుకోలేదు. నీ ఇంటివారి దగ్గరికి వెళ్లి చెప్పు అన్నాడు. అతనికి ఇంటికి వెళ్లడమే పిలుపు.

మీరు ఏం చేయాలంటే, ఈ ఏడాది ఉద్యోగంలోనే ఉండండి. మీ సంఘంలో ఎవరూ ముందుకు రాని పని ఒకటి పట్టుకోండి. స్టేజీ పని వద్దు, మైకు అసలు వద్దు. ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూసి రావడమో, పిల్లల పనో, ముసలివాళ్లకు మందులు తెచ్చివ్వడమో. మిమ్మల్ని పొగడని ముగ్గురిని ఎంచుకోండి, అందులో ఒకరు స్త్రీ అయి ఉండాలి, ఒకరు మీతో ఒకప్పుడు గొడవపడ్డవారైతే ఇంకా మంచిది. మూడు నెలలకోసారి వాళ్లతో కూర్చుని, నాలో ఏం చూస్తున్నారు అని అడగండి. వాళ్లు చెప్పేటప్పుడు సమర్థించుకోకండి. డబ్బు విషయం కూడా పిలుపులో భాగమే. ఇంటి లోను ఎంత మిగిలిందో, జీతం ఆగితే ఎన్ని నెలలు గడుస్తుందో కాగితం మీద రాసి మీ ఆవిడతో కలిసి చూడండి. విశ్వాసంతో బతకడం అంటే మామగారి మీద బతకడం కాదు.

ఏడాది తర్వాత కూడా ఆ భారం తగ్గకపోతే, ఆ ముగ్గురూ అవునంటే, మీ ఆవిడ వెళ్దాం అంటే, అప్పుడు మీ పాస్టరేట్ కమిటీకి రాయండి. ఇండిపెండెంట్ సంఘమైతే అడిగేవాళ్లు ఎవరూ ఉండరు, కాబట్టి ఆ ప్రశ్నలు అడిగేవాళ్లను మీరే వెతుక్కోవాలి. సెమినరీలో చదవడానికి ముప్పై నాలుగేళ్లు పెద్ద వయసేమీ కాదు.

ఆ సమూయేలు కథలో చాలామంది దాటేసే వచనం ఒకటుంది. రాత్రంతా అంత జరిగింది. పెంచిన ఏలీ ఇంటి మీదికే శిక్ష వస్తుందన్న మాట విన్నాడు, అది తెల్లారితే ఏలీకే చెప్పాలి. దేవుడిచ్చిన మొదటి సందేశం అంత చేదుగా ఉంది. తెల్లారాక సమూయేలు లేచి ముందు చేసిన పని మందిరం తలుపులు తీయడం. రోజూ తీసేవే.

మీ మందిరం తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కోండి. మా పాత సంఘంలో ఒక రిక్షా తొక్కే ఆయన దగ్గర ఉండేది, ఆరాధనకు గంట ముందే వచ్చి చాపలు దులిపి పరిచేవాడు. అలాంటి మనిషి ఉంటే ఒక ఆదివారం ఆయనతో పాటు చాపలు పరవండి.

వచ్చే ఏడు ఇదే నెలలో నాకు మళ్లీ రాయండి. పిల్లల పేర్లు పది రాయండి, నేను సరిచూడను. కింద ఒక్క లైను మీ ఆవిడను రాయమనండి.